బోరు నీళ్లలో నియాన్ టెట్రాలు ఎందుకు నిలవలేదు: ఉన్న నీటిని బట్టి చిన్న చేపలను ఎంచుకోవడం

మీరు రాసిన వివరాలను రెండుసార్లు చదివాను. రెండడుగుల తొట్టి, హైదరాబాదులోని అపార్ట్‌మెంటు బోరు నీళ్లు, ఐదు వారాల కిందట తొట్టి పెట్టిన మర్నాడే వేసిన, నీలి గీత ఉండే పన్నెండు నియాన్ టెట్రా చేపలలో తొమ్మిది చనిపోయి మూడే మిగలడం, అదే తొట్టిలో పక్కింటివారు ఇచ్చిన నాలుగు గప్పీలు మాత్రం పిల్లలు కూడా పెట్టడం, దుకాణంలో ఇచ్చిన, పీహెచ్ (నీటి ఆమ్ల, క్షార స్థాయిని చెప్పే అంకె) తగ్గించే ద్రావణాన్ని వారానికి మూడుసార్లు పోసినా పీహెచ్ మళ్లీ 8.2కే చేరడం, నీటిలో కరిగిన లవణాల మొత్తాన్ని కొలిచే టీడీఎస్ మీటరు 780 చూపించడం, చుక్కల కిట్‌తో కొలిస్తే మొత్తం కాఠిన్యం 22 డిగ్రీలు, కార్బొనేట్ కాఠిన్యం 16 డిగ్రీలు రావడం. ఇవన్నీ చెప్పి, పీహెచ్‌ను 6.5 దగ్గర నిలపడానికి ఇంకేం కలపాలని అడిగారు.

ఏమీ కలపవద్దు. ఆ సీసాను ఈ రోజుతో పక్కన పెట్టండి. మీ చేపల మరణానికి 8.2 అనే అంకె ఒక్కటే కారణం కాదు. ఆ అంకెను దించడానికి జరిగిన ప్రయత్నమే అంతకంటే ఎక్కువ హాని చేసి ఉంటుందని నా అభిప్రాయం. ఎందుకో కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఈ ఒక్క విషయం అర్థమైతే ఇకముందు ఏ చేపను కొనాలో, దేన్ని చూసి ఆనందించి దుకాణంలోనే వదిలి రావాలో మీరే నిర్ణయించుకోగలుగుతారు.

హైదరాబాదు నేల కింద ఉన్నది గ్రానైటు. దాని పగుళ్లలో ఏళ్ల తరబడి నిలిచిన నీరు రాతిలోని ఖనిజాలను, పైనున్న మట్టిలోని సున్నపు అంశాన్ని కరిగించుకుని బోరులోకి వస్తుంది. ఆ నీళ్లలో పప్పు తొందరగా ఉడకకపోవడం, సబ్బు నురగ రాకపోవడం, గీజరు రాడ్డుకు తెల్లగా గార పట్టడం మన ఇళ్లలో అందరూ చూసినవే. వీటికి కారణమైన కాల్షియం, మెగ్నీషియం లవణాల మొత్తాన్నే మొత్తం కాఠిన్యం అంటాము. అక్వేరియం కిట్లలో ఒక డిగ్రీ అంటే లీటరుకు సుమారు 17.8 మిల్లీగ్రాముల కాల్షియం కార్బొనేటుకు సమానం కనుక, మీ 22 డిగ్రీలంటే లీటరుకు 390 మిల్లీగ్రాముల పైమాటే. భారతీయ తాగునీటి ప్రమాణంలో కోరదగిన పరిమితి 200 మిల్లీగ్రాములు, వేరే ఆధారం లేనప్పుడు అనుమతించే పరిమితి 600. అంటే మనిషి తాగడానికి మీ నీళ్లు మరీ అసాధారణమైనవి కావు. నియాన్ టెట్రాకు మాత్రం అవి పూర్తిగా పరాయి నీళ్లు.

కార్బొనేట్ కాఠిన్యం వేరే సంగతి. అది నీటిలోని బైకార్బొనేటు ఎంతో చెబుతుంది, పీహెచ్‌కు కాపలా కాసేది అదే. మీరు ఆమ్ల ద్రావణాన్ని పోసినప్పుడు అందులోని ఆమ్లం కొంత బైకార్బొనేటుతో కలిసి బొగ్గుపులుసు వాయువుగా (కార్బన్ డయాక్సైడ్‌గా) మారుతుంది. ఆ వాయువు నీటిలో ఉన్నంతసేపు పీహెచ్ పడిపోయినట్టు కనిపిస్తుంది. గాలిపంపు బుడగలు దాన్ని బయటకు తరిమేయగానే, మిగిలిన బైకార్బొనేటు పీహెచ్‌ను తిరిగి దాదాపు మొదటి చోటికే తీసుకువస్తుంది. మీ నీటిలో 16 డిగ్రీలు ఉంది కాబట్టి ఈ తిరుగుబాటు ప్రతిసారీ జరుగుతుంది. వారానికి మూడుసార్లు అంటే ఐదు వారాల్లో పదిహేనుసార్లు ఆ చిన్న చేపలు పీహెచ్ కిందికీ పైకీ ఊగడాన్ని భరించాయి. పైగా ఆ ద్రావణంతో మొత్తం కాఠిన్యం ఏమాత్రం తగ్గలేదు, టీడీఎస్ కొంచెం పెరిగింది కూడా.

ఇక్కడ చేప శరీరం గురించి ఒక మాట. మంచినీటి చేప రక్తంలో లవణాలు చుట్టూ ఉన్న నీటిలో కంటే ఎక్కువగా ఉంటాయి. అందువల్ల నీరు మొప్పల గుండా నిరంతరం లోపలికి చొరబడుతూ ఉంటుంది; మూత్రపిండాలు దాన్ని పలుచని మూత్రంగా బయటకు తోడేస్తూ ఉంటాయి; పోయిన లవణాలను మొప్పలు తిరిగి సంపాదించుకుంటూ ఉంటాయి. ఒక చేప జాతి తరతరాలుగా ఏ నీటిలో బతికిందో ఆ నీటికి తగినట్టుగా ఈ యంత్రాంగమంతా అమరి ఉంటుంది. నియాన్ టెట్రా దక్షిణ అమెరికాలో అమెజాన్ ఎగువ పరీవాహకంలోని వాగులది. దానికంటే కొంచెం పెద్దదీ, ఎరుపు పొట్ట పొడవునా ఉండేదీ అయిన కార్డినల్ టెట్రా రియో నీగ్రో, ఒరినోకో నదుల ప్రాంతానిది. రాలిన ఆకుల రసం దిగి కషాయం రంగులోకి మారిన ఆ నీళ్లలో ఖనిజాలు దాదాపు వాననీటిలో ఉన్నంతే. గప్పీ సొంతచోటు వెనిజులా, ట్రినిడాడ్ తీర ప్రాంతాలు. ఉప్పు కలిసిన నీటిలో సైతం బతకగలదు. మీ తొట్టిలో ఒకటి చావడం, ఇంకొకటి పిల్లలు పెట్టడం విచిత్రమేమీ కాదు.

అయితే నియాన్ టెట్రాలు కఠిన జలంలో ఒక్కరోజులో చనిపోవు. ఇప్పుడు దుకాణాల్లో దొరికే నియాన్‌లు దాదాపు అన్నీ ఆగ్నేయాసియా వంటి చోట్ల కేంద్రాల్లో పెంచినవే తప్ప అడవి వాగుల్లో పట్టినవి కావు. మధ్యరకం కాఠిన్యాన్ని అవి కొంతవరకు ఓర్చుకుంటాయి. ఐదు వారాల్లో తొమ్మిది పోయాయంటే నేను ముందుగా అనుమానించేది అమోనియానే. తొట్టి పెట్టిన మర్నాడే పన్నెండు చేపలను వేశారు. చేపల విసర్జనలోని అమోనియాను నైట్రైటుగా, దాన్ని నైట్రేటుగా మార్చే బాక్టీరియా ఫిల్టరు స్పాంజిలో స్థిరపడడానికి సాధారణంగా నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. అంతవరకు తొట్టిలో అమోనియా పోగవుతూనే ఉంటుంది.

పీహెచ్‌కూ చేపల ప్రాణానికీ నిజమైన ముడి ఇక్కడే ఉంది. నీటిలో అమోనియా రెండు రూపాల్లో ఉంటుంది: మొప్పలను కాల్చే విష రూపం ఒకటి, అంతగా హాని చేయని అమ్మోనియం రూపం రెండోది. 28 డిగ్రీల వేడిమి ఉన్న నీటిలో, పీహెచ్ 7 దగ్గర మొత్తం అమోనియాలో విష రూపం నూటికి ఒక్క వంతు కూడా ఉండదు. అదే పీహెచ్ 8.2 దగ్గర సుమారు పది వంతులు ఉంటుంది. అంటే మంజీరా నది నుంచి వచ్చే నగరపు కుళాయి నీళ్లతో తొట్టి పెట్టుకున్నారని మీరు రాసిన స్నేహితుడి తొట్టిలో పీహెచ్ 7 ఉంటే, ఆయన చేసిన పొరపాటునే మీరూ చేసినా, మీ చేపలకు తగిలే దెబ్బ పది రెట్ల పైన ఉంటుంది. మీరు ద్రావణం పోసిన కొద్ది గంటలు ఆ విషం అణిగి, పీహెచ్ తిరిగి పైకి వెళ్లగానే మళ్లీ విషమై ఉండాలి. గప్పీలు ఈ దెబ్బను తట్టుకున్నాయి, నియాన్‌లు తట్టుకోలేకపోయాయి. కనుక కఠిన జలం ఉన్నవారు తక్కినవారికంటే ఎక్కువ ఓపికతో ఫిల్టరును సిద్ధం చేసుకోవాలి. నమ్మకమైన మిత్రుల ఇంట్లో ఆరోగ్యంగా నడుస్తున్న తొట్టి నుంచి పాత స్పాంజి ముక్క ఒకటి తెచ్చి మీ ఫిల్టరులో పెట్టుకోవడం కంటే మేలైన దారి నాకు తెలియదు. దాన్ని తడిగా తేవాలి, కుళాయి కింద కడగకూడదు.

ఇంత నమ్మకంగా చెప్పడానికి నా సొంత అనుభవం కూడా ఒక కారణం. చాలా ఏళ్ల కిందట మేము మంజీరా నీళ్లు వచ్చే ఇంటి నుంచి బోరు మాత్రమే ఉన్న అపార్ట్‌మెంటుకు మారాము. ఎర్రముక్కు టెట్రాలు, అంటే దుకాణాల్లో రమ్మీనోజ్ అనేవి, పద్దెనిమిది ఉండేవి నా దగ్గర. పాత ఇంట్లో మూడేళ్లు అవి నెత్తుటి చుక్కల్లాంటి ముక్కులతో గుంపుగా తిరిగేవి. కొత్త ఇంట్లో అదే తొట్టి, అదే ఫిల్టరు, అదే మేత. వారం తిరిగేసరికి ముక్కుల ఎరుపు పాలిపోయింది. ఆ చేప నీరు పడనప్పుడు మొదట చూపే గుర్తు అదే. నేను దాన్ని ప్రయాణం బడలిక అనుకున్నాను. రెండు నెలల్లో నాలుగు మిగిలాయి. అదే సమయంలో, పాత ఇంట్లో ఎప్పుడూ రెక్కలు ముడుచుకుని ఉన్నచోటే వణుకుతున్నట్టు ఊగే నా నల్ల మాలీ చేపలు కొత్త నీళ్లలో నెల తిరక్కుండా కోలుకుని రెక్కలు విప్పి తిరిగాయి. మాలీకి మృదు జలం పడదని నాకు అప్పటికి తెలియదు. ఒక చేపకు అమృతమైన నీళ్లు పక్క చేపకు జబ్బు కావడాన్ని ఒకే గదిలో, ఒకే నెలలో చూశాను. ఆనాటి నుంచి చేపను తెచ్చి దానికోసం నీళ్లను వండే పని మానేసి, నా కుళాయిలో వచ్చే నీళ్లకు ఏ చేప సరిపోతుందో వెతుక్కుంటున్నాను. మీకు కూడా మొదటగా నేను సూచించేది ఇదే.

దానికి ముందు మీ నీళ్లను ఇంకొంచెం నిశితంగా కొలవాలి. బోరు నుంచి అప్పుడే తోడిన నీటిలో బొగ్గుపులుసు వాయువు ఎక్కువగా ఉండి పీహెచ్ తక్కువగా చూపిస్తుంది. బకెట్లో పట్టి, గాలిపంపు గొట్టం చివర తగిలించి బుడగలు తెప్పించే గాలిరాయి వేసి ఒక రోజు ఉంచిన తరువాత కొలిచిన అంకెనే లెక్కలోకి తీసుకోండి. టీడీఎస్ మీటరు చెప్పేది కరిగిన లవణాల మొత్తమే తప్ప అవి ఏ లవణాలో కాదు. సముద్రం దగ్గరి ఊళ్లలో 780 అంటే అందులో మామూలు ఉప్పే ఎక్కువ ఉండవచ్చు. మీ ఇంట్లో 780 అంటే చాలా భాగం కాల్షియం, మెగ్నీషియం, బైకార్బొనేటు అని మీ చుక్కల కిట్ చెబుతోంది. కుళాయి నీటిలోనే నైట్రేటు ఎంత ఉందో కూడా ఒకసారి చూడండి. నగరాల్లో మురుగు ఊట దిగిన బోర్లలో అది ఎక్కువగా ఉంటుంది. అలాంటప్పుడు ఎన్నిసార్లు నీళ్లు మార్చినా తొట్టిలో నైట్రేటు దిగదు, దాన్ని పీల్చుకునే మొక్కలు పెంచవలసిందే.

మీ అపార్ట్‌మెంటులో సాఫ్ట్‌నర్ యంత్రం ఉందో లేదో కనుక్కోండి. ఇది చాలామందిని మోసం చేసే విషయం. సాఫ్ట్‌నర్ కాల్షియం, మెగ్నీషియంలను తీసి వాటి స్థానంలో సోడియం పెడుతుంది. సబ్బు నురగ వస్తుంది, కుళాయిలకు మరకలు పట్టవు, చుక్కల కిట్ మృదు జలమని చూపుతుంది. కానీ లవణాల మొత్తం తగ్గదు, బైకార్బొనేటు అలాగే ఉంటుంది, పీహెచ్ కూడా దిగదు. అది టెట్రాలు కోరే మృదు జలం కాదు. కాల్షియం పోయింది కనుక గప్పీలకూ మంచిది కాదు. మీరు కొలిచిన 22 డిగ్రీలు ఏ కుళాయిదో చూసుకుని, సాఫ్ట్‌నర్ ఉంటే దానికి ముందున్న నీళ్లనే తొట్టికి పట్టుకోండి.

తొట్టిలో తెల్లటి పాలరాతి ముక్కలు వేశానన్నారు. వాటిలో రెండింటిని బయటకు తీసి, ఆరబెట్టి, వెనిగర్ చుక్కలు వేయండి. సన్నని బుడగలు పొంగితే అది సున్నపు రాయి జాతి. కాఠిన్యాన్ని ఇంకా పెంచుతూనే ఉంటుంది. గప్పీలను పెంచాలనుకుంటే ఉండనివ్వండి, టెట్రాలకోసం మృదు జలం తయారు చేసుకోవాలనుకుంటే తీసేసి బుడగలు రాని నదీ గులకరాళ్లు వేయండి. బాదం ఆకులు వేస్తే పీహెచ్ దిగుతుందని మీకు ఎవరో చెప్పారట. ఆ ఆకుల కషాయం చేపలకు మంచిదే, మృదు జలంలో పీహెచ్‌ను కొంత దించుతుంది కూడా. 16 డిగ్రీల కార్బొనేట్ కాఠిన్యం ముందు మాత్రం దాని ఆమ్లం నిలవదు, నీళ్లకు రంగు వస్తుందంతే.

ఇక చేపల ఎంపిక. మీ తొట్టి రెండడుగుల పొడవు, అడుగు వెడల్పు, అడుగు ఎత్తు అయితే అంచు వరకు 56 లీటర్లు పడుతుంది. రాళ్లు, పైన వదిలే ఖాళీ పోగా 45 లీటర్ల నీరు ఉంటుంది. ఈ కొలతకూ మీ నీళ్లకూ నేను మనసారా సిఫారసు చేసేది ఎండ్లర్ చేపలను. గప్పీకి దగ్గరి చుట్టమైన ఈ చేప వెనిజులాలోని కుమానా పట్టణం దగ్గరి మడుగులది. 2005లో దీన్ని ప్రత్యేక జాతిగా వర్ణించి పేరు పెట్టారు. మగవి అంగుళం లోపే ఉంటాయి, నియాన్‌లకు తీసిపోని రంగులు, ఎప్పుడూ చురుకుగా ఉంటాయి. ఎనిమిది మగవాటిని మాత్రమే వేసుకుంటే పిల్లల బెడద ఉండదు. గప్పీలతో కలిపి ఉంచితే సంకరమైపోతాయి కాబట్టి మీ నాలుగు గప్పీలనో, ఎండ్లర్‌లనో ఒకదాన్నే ఎంచుకోండి. గప్పీల్లాగే పిల్లలు పెట్టే ప్లాటీ చేపలు ఐదారు వేసుకున్నా నిశ్చింతగా ఉంటాయి. మాలీలకు కఠిన జలమే ఇష్టమైనా రెండడుగుల తొట్టి వాటికి ఇరుకు.

కొంచెం భిన్నమైన ముచ్చట తీర్చుకోవాలనుకుంటే, ఆఫ్రికాలోని టాంగన్యీకా సరస్సులో ఖాళీ నత్తగుల్లల్లో కాపురముండే, సిక్లిడ్ కుటుంబానికి చెందిన చిన్న చేపలు ఉన్నాయి. చారల గుల్లచేప అనదగిన మల్టీఫాసియాటస్ జాతి వాటిలో అతి చిన్నది, రెండంగుళాలకు మించదు. ఆ సరస్సు పీహెచ్ 9కి దగ్గరగా ఉంటుంది, కార్బొనేట్ కాఠిన్యం మీ బోరు నీళ్లకు సాటిగా ఉంటుంది. మనం శాపమనుకుంటున్న నీళ్లు దానికి పుట్టిల్లు. వాటికి ఇవ్వవలసిన గుల్లలు కూడా మన చెరువుగట్ల మీద, వరిపొలాల్లో దొరుకుతాయి. చనిపోయిన నత్తల ఖాళీ గుల్లలను ఏరి, కడిగి, ఉడకబెట్టి, వాసన పూర్తిగా పోయాక ఇసుక మీద పరిస్తే చాలు. ఒక్కొక్క చేప ఒక్కొక్క గుల్లను సొంతం చేసుకుని నోటితో ఇసుకను తోడుకుంటూ ఇల్లు కట్టుకోవడాన్ని నేను గంటల తరబడి చూశాను. వీటితో వేరే చేపలను ఆ చిన్న తొట్టిలో కలపకూడదు. దుకాణంలో అడిగి తెప్పించుకోవలసి ఉంటుంది, ధర కూడా ఎక్కువే, కానీ నాలుగైదింటితో మొదలుపెడితే ఏడాదిలో కుటుంబమవుతుంది.

మన దేశపు చేపలను కూడా మరిచిపోవద్దు. జీబ్రా డానియోను ఫ్రాన్సిస్ హామిల్టన్ గంగా పరీవాహకపు చేపల మీద 1822లో వెలువరించిన గ్రంథంలో వర్ణించాడు. నేడు ప్రపంచమంతటా ప్రయోగశాలల్లో పెంచుతున్నది ఈ చేపనే. మన వాగులు, వరిమడుల కాలువల నీళ్లు ఒక్కో కాలంలో ఒక్కో రకంగా ఉంటాయి కనుక, వాటికి అలవాటుపడిన ఈ చేపకు కాఠిన్యం పెద్ద సమస్య కాదు. అయితే అది క్షణం నిలవకుండా పరుగెత్తే చేప; మూడడుగుల తొట్టి ఉంటేనే దాని అందం తెలుస్తుంది, దానికి కాళ్లూ చేతులూ కట్టేసినట్టు ఉండదు. గాజులాగా ఎముకలు కనిపించే గ్లాస్ ఫిష్ కూడా మన జలాశయాలదే, కఠిన జలంలో హాయిగా ఉంటుంది. రంగుల సూది పొడిచి ఎరుపు, ఆకుపచ్చ చేసి అమ్మే వాటిని మాత్రం దయచేసి కొనవద్దు. ఆ సూదిపోటుకు ఎన్నో చనిపోగా మిగిలినవే దుకాణానికి వస్తాయి. ఇక చైనా కొండవాగుల నుంచి వచ్చే వైట్ క్లౌడ్ చేపను కాఠిన్యం పరంగా అందరూ సూచిస్తారు, నేను సూచించను. దానికి 22 డిగ్రీల వేడిమి దాటితే ఇబ్బంది. మన మే నెలలో తొట్టి నీరు 31, 32 డిగ్రీలకు చేరుతుంది. నీరు సరిపోవడమంటే లవణాలు సరిపోవడమొక్కటే కాదు.

వేడిమి గురించి మరో రెండు మాటలు. 20 డిగ్రీల నీటిలో లీటరుకు 9 మిల్లీగ్రాముల వరకు ప్రాణవాయువు కరుగుతుంది, 30 డిగ్రీల దగ్గర ఏడున్నరకు పడిపోతుంది. ఎండాకాలంలో గాలిరాయి రాత్రింబవళ్లు నడవాలి, మేత తగ్గించాలి. తొట్టి మూత తీసి నీటి మీదికి చిన్న ఫ్యాను తిప్పితే హైదరాబాదు పొడిగాలిలో రెండు మూడు డిగ్రీలు దిగుతుంది. ఉక్కపోత ఎక్కువగా ఉండే విశాఖలోనో విజయవాడలోనో కూలర్ పనిచేయనట్టే ఈ ఉపాయమూ అంతగా పనిచేయదు.

ఇంత చెప్పినా మీకు నియాన్‌లే కావాలనిపించవచ్చు. ఆ నీలి గీత మీద మోజు ఎటువంటిదో నాకు తెలుసు. అప్పుడు పీహెచ్‌ను వదిలేసి కాఠిన్యాన్ని తగ్గించండి, పీహెచ్ దాని వెంట అదే దిగుతుంది. మీ వంటింటి ఆర్‌ఓ యంత్రం నుంచి వచ్చే నీటి టీడీఎస్ 40 అనుకుందాం. మూడు పాళ్లు ఆ నీరు, ఒక పాలు బోరు నీరు కలిపితే మొత్తం కాఠిన్యం ఐదున్నర డిగ్రీలు, కార్బొనేట్ కాఠిన్యం నాలుగు డిగ్రీలు, టీడీఎస్ 225 ప్రాంతానికి వస్తుంది. వాగుల నీరంత మృదువు కాకపోయినా పెంపకపు నియాన్‌లకు ఇది చక్కగా చాలుతుంది, నాలుగు డిగ్రీల కార్బొనేట్ కాఠిన్యం పీహెచ్‌ను జారిపోకుండా నిలుపుతుంది. వట్టి ఆర్‌ఓ నీటితో తొట్టిని నింపడం మాత్రం ప్రమాదం: అందులో కాపలా కాసే బైకార్బొనేటు లేదు కనుక, ఫిల్టరు పనిచేస్తున్నకొద్దీ పుట్టే ఆమ్లానికి పీహెచ్ ఏదో ఒక రాత్రి ఒక్కసారిగా కూలిపోతుంది. యంత్రానికి టీడీఎస్ కలిపే మర ఉంటే వచ్చే నీళ్లను కొలిచాకే లెక్క వేసుకోండి. వానాకాలంలో డాబా మీద మొదటి వానను వదిలేసి తరువాతి వానల నీళ్లను శుభ్రమైన డ్రమ్ములో పట్టుకున్నా ఆర్‌ఓ నీటికి బదులు వాడుకోవచ్చు.

వారానికి పది లీటర్లు మార్చాలంటే ఏడున్నర లీటర్ల ఆర్‌ఓ నీరు చాలు, ఇది ఏ ఇంటికీ భారం కాదు. చాలామంది తప్పేది ఇంకోచోట. తొట్టిలో నీరు ఆవిరై అంగుళం తగ్గినప్పుడు బోరు నీళ్లు పోసి నింపుతారు. ఆవిరయ్యేది నీరు మాత్రమే, లవణాలన్నీ తొట్టిలోనే ఉంటాయి. పైనుంచి మళ్లీ లవణాల నీళ్లు పోస్తే మే నెలాఖరుకు కాఠిన్యం మొదటికంటే చాలా పైకి పోతుంది. ఆవిరైన వెలితిని వట్టి ఆర్‌ఓ నీటితోనే నింపాలి. కలిపిన నీళ్లను తొట్టి నీరు మార్చేటప్పుడు మాత్రమే వాడాలి. గప్పీలను పెంచేవారికి కూడా ఇది వర్తిస్తుంది.

ఏ దారి ఎంచుకున్నా నిలకడ ముఖ్యం. అపార్ట్‌మెంట్లలో నిలకడను చెడగొట్టేవి మూడు సందర్భాలు. వేసవిలో బోరు ఎండి ట్యాంకరు వచ్చినప్పుడు ఆ నీళ్లు ఏ ఊరి బోరువో మనకు తెలియదు. టీడీఎస్ 300 ఉండవచ్చు, 1500 ఉండవచ్చు. సంపునూ పై ట్యాంకునూ కడిగినప్పుడు బ్లీచింగు పొడి వేస్తారు. ఆ వారం కుళాయి నీటిలో క్లోరిన్ ఘాటుగా ఉంటుంది. వానాకాలం మొదలై భూగర్భ జలం పెరిగినప్పుడు బోరు నీళ్ల స్వభావమే మారుతుంది. కనుక ప్రతిసారీ మార్చబోయే నీటిలో మీటరు ముంచి చూడండి, నూటికి పాతిక వంతులకంటే ఎక్కువ తేడా ఉంటే ఒకేసారి పదిలీటర్లు మార్చకుండా రోజుకు రెండు లీటర్ల చొప్పున మార్చండి. క్లోరిన్ ఉన్న నీళ్లను గాలిరాయితో ఒక రోజు ఉంచితే చాలావరకు పోతుంది. తొందరగా కావాలంటే దుకాణాల్లో దొరికే సోడియం థయోసల్ఫేటు మందును సీసా మీద రాసిన మోతాదులోనే వాడండి. సంపు కడిగే తేదీని కాపలాదారును అడిగి ముందే తెలుసుకుని, రెండు బకెట్ల నీళ్లు పట్టి పెట్టుకోవడం నా అలవాటు.

కొత్త చేపలను తెచ్చేటప్పుడు కూడా మీటరును వెంట తీసుకువెళ్లండి. దక్షిణాదిలో అమ్మే అక్వేరియం చేపల్లో చాలావరకు చెన్నై కొళత్తూరు చుట్టుపక్కల పెంపకందారుల నుంచి వస్తాయి, ఆ నీళ్లు వేరు, మీ దుకాణం నీళ్లు వేరు, మీ ఇంటివి వేరు. దుకాణం తొట్టిలో 250 ఉండి మీ తొట్టిలో 780 ఉంటే, సన్నని గాలిగొట్టానికి ముడి వేసి తొట్టి నీటిని చుక్కచుక్కగా బకెట్లోకి దింపుతూ గంట, గంటన్నర సేపు చేపలను అలవాటు చేయాలి. కఠిన జలం నుంచి మృదు జలానికి మార్చేటప్పుడు ఇంకా నెమ్మది అవసరం. వేరే ఊరి నుంచి ఒకటి రెండు రోజులు సంచిలో ప్రయాణించి వచ్చిన చేపలకు మాత్రం ఈ పద్ధతి వాడకూడదు: సంచిలో అమోనియా పోగై ఉంటుంది, మూతి విప్పగానే బొగ్గుపులుసు వాయువు బయటకు పోయి పీహెచ్ పెరిగి ఆ అమోనియా విషమవుతుంది. అలాంటప్పుడు సంచి నీటి టీడీఎస్‌కు దగ్గరగా వేరే బకెట్లో నీళ్లు ముందే సిద్ధం చేసి చేపలను వెంటనే అందులోకి మార్చి, అలవాటు చేయడాన్ని ఆ తరువాత మొదలుపెట్టాలి.

మిగిలిన మూడు నియాన్‌ల సంగతి. ఈ రోజు అమోనియా, నైట్రైటు కొలవండి. ఏది కనిపించినా, ఎంత తక్కువగా కనిపించినా, ఒక రోజు గాలి పట్టించిన అదే బోరు నీళ్లతో పావువంతు మార్చండి; రెండూ సున్నాకు వచ్చేవరకు రోజు విడిచి రోజు అలాగే చేయండి, మేత రోజుకు ఒక్కపూట చిటికెడు మాత్రమే వేయండి. ఆ మూడూ ఐదు వారాలు నిలిచాయి కనుక మీ నీళ్లకు కొంత అలవాటుపడినట్టే, వాటిని ఇప్పుడు హఠాత్తుగా మృదు జలంలోకి మార్చవద్దు. నియాన్ గుంపులో ఉండే చేప, మూడుగా ఉంటే బెదురుతూ మూలల్లో దాక్కుంటుంది. కనుక మంజీరా నీళ్లున్న మీ స్నేహితునికి ఇవ్వడం మంచిదని నాకు అనిపిస్తోంది. ఇచ్చేముందు పది పన్నెండు రోజులపాటు రోజుకు రెండేసి లీటర్ల ఆర్‌ఓ నీళ్లతో మార్చుతూ తొట్టి టీడీఎస్‌ను మెల్లగా ఆయన తొట్టి అంకె దిశగా దించుకుంటూ రండి. ఆ కొద్ది రోజులు గప్పీలు ఓర్చుకుంటాయి, నియాన్‌లు వెళ్లాక అదే నెమ్మదితో బోరు నీళ్లకు తిరిగి రావచ్చు. అమోనియా, నైట్రైటు, కుళాయి నైట్రేటు అంకెలు, సాఫ్ట్‌నర్ ఉన్నదీ లేనిదీ నాకు రాయండి; ఎండ్లర్‌లను ఏ వారంలో వేయవచ్చో అప్పుడు చెబుతాను.